అత్తమ్మ ఎంచుకున్న కుక్క

మా ఆయన పోయిన రెండేళ్లకు మా అత్తమ్మ నన్ను ఒకటి అడిగింది. ఆ రెండేళ్లలో ఆమె నన్ను ఏదీ అడిగింది లేదు. బీపీ మాత్రలు అయిపోతే ఖాళీ అట్టను పొయ్యి గట్టు మీద పెట్టేది, నేను చూసి తెచ్చేదాన్ని. చీర చిరిగితే తనే కుట్టుకునేది. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం, నేను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఒక కుక్కను తెచ్చుకుందామా అని అడిగింది.

కాళ్లు కడుక్కుని, ఇంత అన్నం పెట్టుకుని, సగం తిని పడుకున్నాను. కళ్లు మూసుకున్నాక మాత్రం ఆ మాట గురించే ఆలోచించాను. ఇంట్లోకి ఏ ప్రాణం వచ్చినా దాని తిండి, దాని మలమూత్రాలు, దాని మందులు చివరికి నా చేతికే వస్తాయి. ఇరవై రెండేళ్లుగా నర్సు పని చేస్తున్నదాన్ని, నాకు ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

మేముండేది తొండుపల్లిలో, ఒక ఇంటి కింది వాటాలో, కిరాయికి. శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో పని చేస్తాను. మా ఆయన ఎయిర్‌పోర్టులో విమానాల దగ్గరికి సామాన్ల బండ్లు లాగే ట్రాక్టర్ నడిపేవాడు. మాకు పిల్లలు లేరు. ఆయనకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన నెలలోనే అత్తమ్మ మామిడిపల్లి దగ్గరి తన ఊరి నుంచి ఒక సంచితో వచ్చి మాతో ఉండిపోయింది. అక్కడ ఆమెకు పొలం పని తప్ప వేరే బతుకు తెలియదు. మా ఇంట్లో ఆమెకు చేయడానికి పనేమీ లేకపోయింది, ఎందుకంటే అన్నీ నేనే చేశాను. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోవడం, ఉప్పు లేకుండా వండడం, కూరగాయలు రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోయడం, మాత్రలు, బరువు చూడడం. ఆమె ఏదైనా పట్టుకోబోతే, చేతులు కడుక్కున్నావా అని అడిగేదాన్ని. కొన్నాళ్లకు పట్టుకోవడమే మానేసింది.

అన్నిటికంటే కష్టం నీళ్లు. డయాలసిస్ మీద ఉన్న మనిషి ఇష్టం వచ్చినట్టు నీళ్లు తాగకూడదు. తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే నిలిచిపోయి ఊపిరితిత్తుల్లోకి వస్తాయి. రోజు మొత్తానికి ఆయనకు ఒక చిన్న సీసా. కాఫీ, మజ్జిగ, మాత్రలు మింగే గుక్క, అన్నీ అందులోనే. ఎండాకాలం ఆయన నాలుక ఎండి, మాట తడబడేది. నేను సీసా మీద గీతలు గీసి పెట్టేదాన్ని. ఏ పూటకు ఏ గీత దాకా అన్నది నేను ఇంట్లో లేనప్పుడు కూడా తెలియాలని.

ఒక మే నెలలో నేను డ్యూటీ నుంచి కొంచెం ముందు వచ్చాను. అత్తమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని చెంబుతో నీళ్లు పట్టిస్తోంది. ఆయన రెండు చేతులతో చెంబు పట్టుకుని కళ్లు మూసుకుని తాగుతున్నాడు. ఆ సాయంత్రమే ఊపిరాడక ఎమర్జెన్సీకి తీసుకుపోవాల్సి వచ్చింది. ఆయన్ని లోపలికి తీసుకుపోయాక, బయట వరండాలో పది మంది ముందు నేను అత్తమ్మతో ఒక మాట అన్నాను.

"నీ కొడుకును నువ్వే సంపుతున్నవ్."

ఆమె చీర కొంగు తల మీదికి లాక్కుంది. ఆయన ఆ సారి తేరుకున్నాడు. మరో పది నెలలు బతికాడు. డయాలసిస్ కోసం మెడ దగ్గర వేసిన గొట్టంలో ఇన్ఫెక్షన్ పుట్టి, అది రక్తంలోకి పాకి, అయిదు రోజుల్లో పోయాడు. చర్చి వెనకాల సమాధుల తోటలో పాతిపెట్టాం. రావిర్యాలలో ఉండే మా ఆడబిడ్డ తల్లిని తనతో రమ్మంది. అత్తమ్మ వెళ్లలేదు. ఉండమని నేనూ అనలేదు, పొమ్మని అనలేదు. పాలవాడు వచ్చాడా, గ్యాస్ బుక్ చేశావా, ఇవే మా మాటలు. విమానం ఇంటి మీదుగా దిగేటప్పుడు మాట ఆపి, అది పోయాక మళ్లీ అందుకోవడం మా ఊళ్లో అందరికీ అలవాటు. మేం మాత్రం ఆపిన మాటను అక్కడే వదిలేసేవాళ్లం.

కుక్క సంగతి ఆమె మళ్లీ రెండుసార్లు ఎత్తింది. మూడోసారి సరే అన్నాను. ఇష్టమై కాదు, కాదనడానికి కూడా ఓపిక ఉండాలి. అయితే వీధి కుక్కను పట్టుకొచ్చి కట్టేయడానికి ఒప్పుకోలేదు. కుక్క కరిచిందని వచ్చేవాళ్లకు రోజూ సూదులు వేస్తుంటాను. టీకాలు వేసి, ఆపరేషన్ చేసి, గుణం చూసి ఇచ్చే చోటు నుంచే తెద్దామన్నాను. మామిడిపల్లి దాటాక ఒక కుక్కల షెల్టర్ ఉందని మా దవాఖానలో ల్యాబ్ అమ్మాయి చెప్పింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి బట్టల్లోనే ఆటో ఎక్కి వెళ్లాం.

రేకుల కప్పు, కింద షాబాద్ బండలు, ఇనుప జాలీలతో గదులు. ఫినాయిల్ వాసన, దాని మీద పసుపు వేసి ఉడికించిన అన్నం, కోడికాళ్ల వాసన. మేం గేటు తీయగానే అన్ని కుక్కలూ ఒకేసారి అరిచాయి, తర్వాత ఒక్కొక్కటే మానేశాయి. షెల్టర్ చూసుకునే ఆమెకు యాభై దాటి ఉంటాయి. రబ్బరు బూట్లు, బొంగురు గొంతు. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంటి ఓనరు ఒప్పుకున్నాడా, ఇంతకుముందు కుక్కను పెంచారా అని నిలబెట్టే అడిగింది. పొలం దగ్గర ఎప్పుడూ రెండు కుక్కలుండేవని అత్తమ్మ చెప్పింది. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది.

నాకు ఒక ఆడకుక్క నచ్చింది. తెల్లటిది, చెవులు గోధుమరంగు, రెండేళ్ల వయసు. అరవలేదు, మీదికి దూకలేదు, వచ్చి నా చేయి వాసన చూసి పక్కన కూర్చుంది. దీనితో పెద్దగా పని ఉండదనిపించింది. నేను బల్ల దగ్గర కూర్చుని కాగితం నింపడం మొదలుపెట్టాను. పేరు, చిరునామా రాసి తలెత్తి చూస్తే అత్తమ్మ లేదు.

ఆమె చివరి గది ముందు నిలబడి ఉంది. అది మిగతావాటికి దూరంగా, ఒక్క కుక్క కోసం వేరుగా కట్టిన గది. లోపల ఒక ముసలి మగకుక్క, మట్టిరంగు, వెన్నెముక బయటికి కనపడుతోంది. సిమెంటు తొట్టిలో మూతి పెట్టి నీళ్లు తాగుతోంది. నేను పది అడుగులు నడిచి అక్కడికి చేరేదాకా తాగుతూనే ఉంది. ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ తాగింది. ఆదివారాలు వచ్చే పశువుల డాక్టరు పక్కనే దాని కోసం సెలైన్ సీసా సర్దుతున్నాడు. కుర్రవాడే, మాట తీరు చూస్తే కోస్తా వైపు మనిషి.

"గిన్ని నీళ్లు తాగుతుంది, దీన్ని ఎవ్వరు వద్దనరా సారూ?" అని అడిగింది అత్తమ్మ.

"వద్దనకూడదమ్మా. దీనికి కిడ్నీలు చెడిపోయాయి. ఒంట్లో నీరు నిలవదు, ఎప్పటికప్పుడు పోతూనే ఉంటుంది. ఎంత తాగితే అంత మంచిదండి. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. అది చాలకే సెలైన్ కూడా ఎక్కిస్తున్నాం."

"కిడ్నీలు చెడిపోతే నీళ్లు తాగొచ్చునా?"

"దీనికి తాగాలమ్మా."

అత్తమ్మ ఇంకోసారి అదే అడిగింది. డాక్టరు విసుక్కోకుండా అదే చెప్పాడు. ఆమె జాలీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"నాకు గిదే కావాలె."

నేను ఆమెను పక్కకు తీసుకుపోయాను. ఆ కుక్కకు ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు. దాని నోటి వాసన జాలీ బయటికే వస్తోంది. ఆ వాసనతో మూడేళ్లు ఒకే గదిలో పడుకున్నాను. రోజూ సూది, సెలైన్, ఉప్పులేని తిండి, వాంతులు, ఆఖరుకు ఏమవుతుందో అదే అవుతుంది. ఇవన్నీ ఆమెకు చెప్పాను. గొంతు పెంచకుండానే చెప్పాను, పెంచే ఓపిక లేదు.

"మళ్లీ నాతోని కాదు అత్తమ్మ."

"నువ్వు ముట్టకు. నేనే చేస్త. నాకు జర నేర్పు."

"చచ్చిపోతది."

"నాకెరుకనే బిడ్డా."

నేను బల్ల దగ్గరికి వెళ్లి, సగం నింపిన కాగితాన్ని అక్కడే వదిలేసి, తర్వాత వస్తామని చెప్పాను. షెల్టర్ ఆమె ఏమీ అడగలేదు. తర్వాత వస్తామనేవాళ్లను ఆమె చాలామందిని చూసి ఉంటుంది. వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. ఇంటికొచ్చాక అత్తమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడేదాన్ని. పోట్లాడితే బాగుండేదేమో.

ఆ వారం మా వార్డులో ఒక మనిషి చేరాడు. నలభై ఏళ్ల లోపే, లారీ డ్రైవర్. కడుపు ఆపరేషన్ అయింది, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని మంచానికి అట్ట తగిలించాం. తల్లి తోడుగా ఉంది. నేను మందులు ఇవ్వడానికి లోపలికి వెళ్లేసరికి ఆమె తడిగుడ్డతో కొడుకు పెదాలు అద్దుతోంది. అది తప్పేమీ కాదు, మేమే చెబుతాం అలా చేయమని. కానీ నన్ను చూడగానే ఆమె ఆ గుడ్డను వెనక దాచుకుంది. ఏదో దొంగతనం చేస్తూ దొరికినట్టు లేచి నిలబడి గోడకు ఆనుకుంది. ఏం కాదమ్మా, అద్దు, అన్నాను. ఆమె నమ్మలేదు. నేను బయటికి వెళ్లేదాకా అలాగే నిలబడింది.

నేను నర్సుల గదిలోకి వచ్చి కూర్చున్నాను. చేతిలో చాలా పని ఉంది, లేవలేకపోయాను. ఆ చూపు నాకు కొత్త కాదు. మూడేళ్లు మా ఇంట్లోనే, నేను గుమ్మంలో అడుగుపెట్టినప్పుడల్లా ఒక ముసలామె నన్ను అలాగే చూసింది. అప్పుడు నేను దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు. నాకు అప్పుడు సీసా మీది గీతలే కనపడేవి.

ఇంటికి వెళ్లి, ఆదివారం షెల్టర్‌కు పోదామని అత్తమ్మతో అన్నాను. ఏ కుక్కకని ఆమె అడగలేదు. ఆ పూట రెండోసారి టీ పెట్టింది.

షెల్టర్ ఆమె ఈసారి మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. ఈ కుక్కను ఇవ్వడమంటే పెంచుకోవడానికి ఇచ్చినట్టు కాదని, కొన్నాళ్లు చూసుకోవడానికేనని, నెలలే కానీ ఏళ్లు కాదని తిప్పి తిప్పి చెప్పింది. ఎప్పుడైనా మా వల్ల కాకపోతే తిరిగి తెచ్చేయమంది, తిట్టుకోనంది. ఆ కుక్కను ఎవరో గేటుకు కట్టేసి పోయారట. అప్పటికే జబ్బు ఉంది. అక్కడ దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు. మా ఇంట్లో ఆ పేరు నిలవలేదు. అత్తమ్మ దాన్ని ఏ పేరుతోనూ పిలవలేదు, "ఇగ లే", "ఇగ తిను", అంతే. అది వినేది.

ఆటోలో వాంతి చేసుకుంది. డ్రైవర్ బండి పక్కకు ఆపి దిగి నిలబడ్డాడు. నేను దిగి, నా దగ్గరున్న వాటర్ బాటిల్‌తో, చేతిరుమాలుతో తుడిచాను. ముట్టకు అని చెప్పిన అత్తమ్మ కుక్క తలను ఒళ్లో పట్టుకుని ఉంది, ఆమెకు చేతులు ఖాళీ లేవు. ఇదిగో మొదలైంది అనుకున్నాను.

మొదటి పది రోజులు నేను చెప్పినట్టే జరిగింది. అంత నీరు తాగే కుక్క అంత నీరూ వదిలిపెడుతుంది. వరండా అంతా రోజుకు అయిదారుసార్లు కడగాలి. తిండి పెడితే మూతి తిప్పుకునేది. అన్నం, గుడ్డు తెల్లసొన, ఉడికించిన గుమ్మడికాయ, ఉప్పు లేకుండా. కొడుక్కి ఉప్పులేని కూడు పెడుతున్నానని నన్ను మూడేళ్లు లోలోపల తిట్టుకున్న మనిషి ఇప్పుడు గుమ్మడికాయను తనే మెత్తగా మెదిపి, వేలితో తీసి దాని నోట్లో పెట్టేది. ఉప్పు డబ్బాను పొయ్యి దగ్గర నుంచి తీసి పై అరలో పెట్టింది, పొరపాటున కూడా పడకూడదని.

సూది నేర్పడానికి నేను రెండు బత్తాయిలు తెచ్చాను. మేం చదువుకునేటప్పుడు కూడా అలాగే నేర్చుకున్నాం. మొదటి రోజు అత్తమ్మ గుచ్చిన సూది బత్తాయిలో ఇటు నుంచి దూరి అటు నుంచి బయటికి వచ్చింది. ఆమె భయపడి చూసింది. నేను తిడతాననుకుంది. బత్తాయి కదా, దానికి నొప్పి లేదు, ఇంకోసారి గుచ్చు అన్నాను. నాలుగు రోజులు గుచ్చింది. అయిదో రోజు కుక్క మెడ వెనక వదులుగా ఉన్న చర్మాన్ని ఎలా పైకి లాగి పట్టుకోవాలో, దాని కిందికి సూదిని ఎలా పంపాలో నా చేయి ఆమె చేయి మీద పెట్టి చూపించాను. ఆమె చేతిని నేను అప్పటిదాకా అలా పట్టుకోలేదు. గట్టిగా ఉంది, వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. సెలైన్ ఎక్కేకొద్దీ చర్మం కింద పెద్ద గడ్డలాగా లేచింది. అది చూసి ఆమె సూది తీసేయబోయింది. ఏం కాదు, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది అన్నాను. ఆ పూటంతా ఆమె ఆ గడ్డ మీద చేయి పెట్టి చూస్తూనే ఉంది, తగ్గిందా లేదా అని.

నెల తిరిగేసరికి ఆమె ఒక్కతే చేసేది. సెలైన్ సీసాను కిటికీ చువ్వకు కట్టి, కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుని, కుక్కను రెండు కాళ్ల మధ్య పడుకోబెట్టుకునేది. నేను మంచం మీద నుంచి చూసేదాన్ని. ఒక్కోసారి చూస్తూనే నిద్రపోయేదాన్ని. కుక్క ఒంటికి కొంచెం కండ పట్టింది. వీధి చివరిదాకా నడిచి వచ్చేది. పై వాటాలో ఉండే ఇంటి ఓనరు మొదట్లో ముక్కు మూసుకున్నా, తర్వాత తర్వాత ఎట్లుంది మీ పేషెంటు అని అడిగేవాడు.

నాకు అలసట తగ్గలేదు. ఆ సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది. డ్యూటీ, ఇల్లు, వారానికి ఒకసారి డాక్టరు దగ్గరికి, షెల్టర్ నుంచి సెలైన్ సీసాలు తేవడం. కుక్కను చూస్తే నాకు ప్రేమ కంటే ముందు దాని చిగుళ్ల రంగు కనపడేది. పాలిపోయాయా లేదా అని చూసేదాన్ని. అత్తమ్మ మాత్రం వేరే మనిషైంది. పొలంలో తిరిగినప్పటి నడక ఆమెకు కొంచెం తిరిగి వచ్చింది.

ఒకరోజు సాయంత్రం సీసా కట్టిన తాడు తెగింది. కింద పడకముందే నేను పట్టుకున్నాను. కొత్త తాడు వెతకడానికి లేస్తే సూది కదులుతుంది. అందుకని సీసా పైకెత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చేయి నొప్పి పుట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పావుగంట పడుతుంది. ఇద్దరం కదలడానికి లేదు. అత్తమ్మ సూది మీద నుంచి చూపు తిప్పకుండా మాట్లాడింది.

"నువ్వు ఒక్కపారే సూసినవ్. నేను వానికి మూడుసార్లు ఇచ్చిన నీళ్లు."

నేను సీసాను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"అడుగుతుండె బిడ్డా. అమ్మా గింత, అమ్మా గింత అని. పసిపోరడు అడిగినట్టు అడుగుతుండె. ఎట్ల ఇయ్యకుంట ఉండాలె?"

విమానం ఒకటి దిగుతూ ఇంటి మీదుగా పోయింది. ఈసారి ఆమె మాట వదిలేయలేదు. చప్పుడు తగ్గేదాకా ఆగి అడిగింది.

"ఆ దినం నువ్వన్న మాట నిజమేనా? నా నీళ్లతోనే పోయిండా వాడు?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆయన ఎందుకు పోయాడో ఈమెకు తెలుసనే అనుకున్నాను. దవాఖానలో డాక్టరు చెప్పాడు, కాగితాల్లో రాశారు, వచ్చిన బంధువులందరికీ నేనే చెప్పాను. కానీ అదంతా ఇంగ్లీషు మాటల్లో, ఆమెకు దూరంగా, ఆమె తల మీదుగా. ఆమెకు అర్థమయ్యే మాటల్లో, ఆమెను కూర్చోబెట్టి, ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు. ఆమెకు చెప్పిందల్లా వరండాలో నేనన్న ఆ ఒక్క మాటే. దాన్నే పెట్టుకుని మూడేళ్లుగా నా ఇంట్లో తిరుగుతోంది.

"కాదు అత్తమ్మ. నిజం కాదు. నీ నీళ్లు తాగినంక పది నెలలు బతికిండు కదా. మెడకాడ గొట్టం వేసిన్రు సూడు, ఆడ చీము పట్టి అది రక్తంల కలిసింది. దానితోని పోయిండు. నీ నీళ్లతోని కాదు."

"ఒట్టేనా?"

"ఒట్టు. కోపంల అన్న. తప్పు నాది."

సీసాలో నీటి చుక్కలు పడుతున్నాయి. కుక్క కళ్లు మూసుకుని ఉంది.

"ముందుగాల చెప్పకపోతివి" అంది చివరికి. తిట్టినట్టు లేదు. చాలా దూరం మోసుకొచ్చిన బరువు దించి, చేతులు చూసుకున్నట్టు అంది.

సీసా అయిపోయాక సూది తీసి, దూది అద్ది, ఆమె లోపలికి వెళ్లి ముఖం కడుక్కుంది. నేను అలాగే కూర్చున్నాను. ఆమెకు చెప్పనిది నా దగ్గర ఇంకొకటి ఉంది. ఆయన పోయే ముందు ఆఖరి వేసవిలో, ఒక ఆదివారం అత్తమ్మ చర్చికి వెళ్లినప్పుడు, నేను కూడా ఆయనకు ఒక గ్లాసు నిండా చల్లటి నీళ్లు ఇచ్చాను. ఆయన అడగలేదు. అడగడం అప్పటికే మానేశాడు. అది చూడలేక ఇచ్చాను. అది తాగి ఆయన నవ్వాడు. మర్నాడు డయాలసిస్‌లో బరువు ఎక్కువ వచ్చిందని వాళ్లు అడిగితే, ఏమో తెలియదన్నాను. ఈ సంగతి అత్తమ్మకు ఆ రోజు చెప్పి ఉండాల్సింది. ఆమెకు ఎంత తేలికయ్యేదో నాకు తెలుసు. అయినా నోరు రాలేదు. ఇప్పటికీ చెప్పలేదు. కాగితం మీద రాయడం చెప్పడం కంటే సులువు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

కుక్క మా ఇంట్లో అయిదు నెలలు ఉంది. ఆఖరి వారం తినడం మానేసింది. నోటిలో పుళ్లు లేచాయి. డాక్టరు వచ్చి చూసి, బాధ ఎక్కువైతే సూదితో నిద్రపుచ్చవచ్చని మెల్లగా చెప్పాడు. అత్తమ్మ రెండు రోజులు చూద్దామంది. నేను అడ్డు చెప్పలేదు. దానికి ఏది మంచిదో నర్సుగా నాకు ఒక అభిప్రాయం ఉంది, కానీ ఈసారి పేషెంటు ఆమె మనిషి.

రెండో రోజు నాకు పొద్దుటి డ్యూటీ. ఆ రోజు దవాఖానలో ఇద్దరు నర్సులు రాలేదు, ముగ్గురి పని నేనే చేశాను. మూడు గంటలకు ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. వరండా కడిగి ఉంది. మూల గోనెసంచి మీద కుక్క పడుకుని ఉంది, మీద ఆమె పాత చీర కప్పి ఉంది.

ఎట్లుందని అడిగాను.

"పండుకున్నది. నువ్వు పోయి జరసేపు పండుకో" అంది.

నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. దగ్గరికి వెళ్లి చూడలేదు. అన్నం కూడా తినకుండా మంచం మీద వాలాను. నేను లేచేసరికి బయట వెలుతురు తగ్గిపోయింది. అత్తమ్మ టీ తెచ్చి చేతికిచ్చి, నేను సగం తాగేదాకా ఎదురుగా కూర్చుంది. అప్పుడు చెప్పింది. పదకొండు గంటలప్పుడు పోయిందట. నీళ్లు తాగించబోతే రెండు గుక్కలు తాగి, తల ఆమె చేతిలోనే వాల్చేసిందట. ఆమే ఒళ్లు తుడిచి, చీర కప్పింది.

నాకు ఫోన్ చేయాల్సింది కదా అన్నాను.

"చేసి ఏం జేస్తువు? డ్యూటీల ఉంటివి. వచ్చినంక చెప్తమంటే నీ మొఖం సూసిన. నిద్ర లేకుంట ఉన్నది. అది యాడికీ పోదు గదా, నువ్వు లేచినంక చెప్తమనుకున్న."

నేను టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. మూడేళ్లు ఒక మనిషికి, ఇరవై రెండేళ్లు ఎందరికో పక్కన కూర్చున్నాను. చావు కబురు ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో కొత్తగా వచ్చే పిల్లలకు నేర్పాను. నేను నిద్రపోయేదాకా ఆ కబురును ఒకరు తమ దగ్గరే ఆపుకోవడం నాకు మొదటిసారి. అప్పుడు ఏడుపు వచ్చింది. కుక్క కోసమా, ఆయన కోసమా, అంతసేపు నిద్ర దొరికినందుకా, నాకు తెలియదు. అత్తమ్మ నా వీపు మీద చేయి వేయలేదు. పక్కన కూర్చుంది, అంతే.

షెల్టర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు బండి పంపారు. వాళ్ల స్థలంలోనే వెనకవైపు పూడ్చారు. మర్నాడు మిగిలిపోయిన సెలైన్ సీసాలు, వాడని సూదులు తిరిగి ఇవ్వడానికి ఇద్దరం వెళ్లాం. ఆఖరి గదిలో అప్పటికే వేరే కుక్క ఉంది, వెనక కాళ్లు రెండూ చచ్చుబడినది. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి దానికి మందు పట్టించలేక తంటాలు పడుతోంది. అత్తమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. గిట్ల కాదు బిడ్డా, దవడ పక్క నుంచి పట్టు, అంటూ చూపించింది. షెల్టర్ ఆమె నా పక్కన నిలబడి అది చూసింది. తర్వాత, మీ అత్తగారు వారానికి ఒక రోజు రాగలరా అని అడిగింది. ఆమెనే అడగండి అన్నాను.

ఇప్పుడు అత్తమ్మ గురువారాలు వెళుతుంది. పొద్దున్నే బస్సెక్కి, మామిడిపల్లిలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో. నేను వెళ్లను. ఆ వాసన నాకు ఇంక చాలు. గురువారం నాకు వారపు సెలవు పడేట్టు డ్యూటీలు మార్పించుకున్నాను. తలుపు దగ్గరికి వేసి పడుకుంటాను. అయిదు గంటల వేళకు ఆమె వస్తుంది, చీర మీద కుక్క వెంట్రుకలతో. ఏది తిన్నదో, ఏది తినలేదో, కొత్తగా ఏది వచ్చిందో చెబుతూ కూరగాయలు తరుగుతుంది. నేను పడుకునే వింటాను. సగం చెవిన పడుతుంది, సగం పడదు. ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా చెబుతూనే ఉంటుంది.